బద్తమీజ్ అనే ముందు

తమీజ్ అనే లఫ్జ్ మన ఇళ్లలో రోజుకి పదిసార్లు వినపడుతుంది. "తమీజ్‌తో మాట్లాడు", "తమీజ్ ఉందా లేదా నీకు", ఇక గుస్సా నెత్తికెక్కితే ఒకటే మాట, "బద్తమీజ్!" అరబ్బీలో ఈ మాటకి అసలు అర్థం అదబ్ కాదు. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వేరు చేసి చూడగలగడం తమీజ్. ఇది చేయాల్సింది, ఇది చేయకూడనిది. వీడు నా మీదికొస్తున్నాడు, వీడు నాతో ఆడుకోడానికొస్తున్నాడు అని తేడా పట్టగలగడం. ఆ మానీతో చూస్తే కొందరు పిల్లల విషయంలో మనం తిట్టుగా వాడే మాట నిజానికి వాళ్ల తక్లీఫ్ పేరు. తేడా పట్టడం వాళ్లకి రాదు. లేదా తెలిసినా, దిల్‌లో తుఫాను లేచినప్పుడు ఆ తెలివి అందదు.

భుజం తగిలితే చాలు, తిరగబడి కొట్టేవాడు. టీచర్ పేరు పెట్టి పిలిస్తే బెంచీ తన్నేవాడు. ఎవరితోనూ కలవకుండా నెలల తరబడి మూలన కూర్చునే పిల్ల. ఇంగ్లీషు బడి భాషలో వీళ్లని ఎమోషనల్ అండ్ బిహేవియరల్ డిసార్డర్స్ ఉన్న పిల్లలంటారు. చదువు చెప్పడానికి తాలీమ్ ఉంది. మరి నలుగురిలో మెలగడం, ఆగడం, అడగడం, ఓడిపోవడం, సారీ చెప్పడం ఇవి కూడా లెక్కల్లాగా నేర్పే సబ్జెక్టేనా? లేక పుట్టుకతో రావాలా, బెత్తంతో రావాలా? ఈ సవాల్‌కి జవాబు వెతకడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ తారీఖ్‌లో కొంత చెప్తాను.

1918. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగుస్తోంది. ఆస్ట్రియా సామ్రాజ్యం కూలిపోయింది. వియన్నా గల్లీల్లో ఆకలి, అబ్బాలు యుద్ధానికి పోయి తిరిగిరాని పిల్లలు, దొంగతనాలు. ఆగస్ట్ ఐఖ్‌హార్న్ అనే బడి ఉస్తాద్ వియన్నాకి ఉత్తరాన ఓబర్‌హొల్లాబ్రున్‌లో, శరణార్థుల కోసం కట్టిన పాత చెక్క బారకాసుల్లో, ఇలాంటి పిల్లల కోసం ఒక హోమ్ తెరిచాడు. అప్పటిదాకా వాళ్లకున్నవి సంస్కరణశాలలు, అంటే జైలుకి తమ్ముళ్లు. వరుసలో నిలబెట్టడం, మౌనం, దెబ్బలు, చీకటి గది. ఈయన ఆ దారి వద్దన్నాడు. పిల్లల్ని వాళ్ల మిజాజ్‌ని బట్టి గ్రూపులుగా పెట్టాడు. అన్ని గ్రూపులూ సర్దుకున్నాక, ఎవరితోనూ ఇమడని పన్నెండు మంది మిగిలారు. అందరికంటే ఎక్కువ కొట్టుకునేవాళ్లు, చేతికి కత్తి దొరికితే విసిరేవాళ్లు. వాళ్లందర్నీ ఒకే బారకాసులో పెట్టి, తన మనుషులకి ఒకే మాట చెప్పాడు: ప్రాణం మీదికి రానంతవరకు అడ్డుపడొద్దు, సజా వద్దు, గొంతు పెంచొద్దు.

నతీజా ఏమైంది? ముందు కయామత్ వచ్చింది. కిటికీలు పగిలాయి, బల్లలు విరిగాయి. అక్కడ పనిచేసేవాళ్లు అలసిపోయి మారిపోయారు. పిల్లలు ఇంకా, ఇంకా రెచ్చిపోయారు. ఎదుటివాడు కొడతాడని వాళ్లకి యకీన్. అందుకే కొట్టించుకోడానికి ఎంత చేయాలో అంతా చేశారు. ఎంతకీ దెబ్బ పడలేదు. కొన్నాళ్లకి ఆ కోపం సగం నాటకమైంది, తర్వాత ఏడుపైంది, తర్వాత మెల్లగా తగ్గింది. క్రిస్మస్ నాటికి వాళ్లని కొత్తగా సామాన్లు వేసిన ఇంకో బారకాసుకి మార్చారు. దాన్ని వాళ్లు విరగ్గొట్టలేదు. ఐఖ్‌హార్న్ 1925లో ఈ తజుర్బా అంతా పుస్తకంగా రాశాడు. ముందుమాట సిగ్మండ్ ఫ్రాయిడ్‌ది.

ఈ కథ చదివి "అయితే ఇంట్లో అన్నీ విరగ్గొట్టనిద్దాం" అనుకోకండి. అది జరగాలంటే మీ దగ్గర ఒక బారకాసు ఎక్కువగా ఉండాలి. పైగా దీంట్లో ఒక కమీ ఉంది. దెబ్బ ఆపేస్తే పిల్లాడిలోని మంచి దానంతటదే పైకొస్తుందని ఈ పద్ధతిలో ఒక నమ్మకం దాగుంది. కొందరిలో వస్తుంది. కొందరిలో రాదు, ఎందుకంటే ఆ మంచితనానికి కావలసిన హునర్ వాళ్లకెవరూ చూపించలేదు.

ఆ సంగతి ముందుగా గమనించింది ఐఖ్‌హార్న్ శిష్యుడే. ఫ్రిట్జ్ రెడ్ల్, వియన్నాలో చదివి 1936లో అమెరికా చేరినవాడు. డెట్రాయిట్‌లో డేవిడ్ వైన్‌మన్‌తో కలిసి 1946లో పయనీర్ హౌస్ అనే చిన్న ఇల్లు పెట్టాడు. ఒక్కసారికి కొద్దిమంది అబ్బాయిలే, ఎనిమిది నుంచి పదకొండేళ్ల వయసు. మిగతా బళ్లు, ఇళ్లు, దవాఖానాలు చేతులెత్తేసిన పిల్లలు. పెద్దవాళ్లు వాళ్లతో కలిసి బతికారు, చూసిందంతా రాసుకున్నారు. ఆ రాతల్లోంచి 1951లో, 1952లో రెండు పుస్తకాలొచ్చాయి. మొదటిదాని పేరే "నఫ్రత్ చేసే పిల్లలు" అని అర్థమొచ్చేది.

ఆ ఇద్దరూ చూసిందేమంటే, ఈ పిల్లలకి చెడు చేయాలన్న కోరికకంటే పెద్ద సమస్య, లోపల బ్రేకులు లేకపోవడం. ఆటలో వంతు కోసం రెండు నిమిషాలు ఆగలేరు. చిన్న నిరాశ వస్తే అది మొత్తం జిందగీ కూలిపోయినట్టే. మొహబ్బత్ చూపిస్తే షక్ పడతారు, "వీళ్లకి నాతో ఏం పనుంది?" అని. నిన్న పెట్టిన మిఠాయి ఇవాళ గుర్తుండదు, నిన్నటి "లేదు" మాత్రం గుర్తుంటుంది. గొడవ జరిగాక అడిగితే ఎదుటివాడు చేసిందే చెప్తారు. తాము మొదలుపెట్టింది వాళ్ల యాద్‌లోంచి నిజంగానే జారిపోయి ఉంటుంది. అబద్ధమాడుతున్నాడని మనం రెండు తగిలిస్తాం. వాడి దృష్టిలో అది పక్కా జుల్మ్.

మరి ఏం చేశారు? ఇక్కడే నాకు రెడ్ల్ బాగా నచ్చుతాడు, ఆయన దగ్గర వాజ్‌లు లేవు, వంటింటి చిట్కాల్లాంటి చిట్కాలున్నాయి. చిన్న చిన్న అల్లరి కావాలనే చూడనట్టు వదిలేయడం. పిల్లాడు వేడెక్కుతున్నట్టు కనిపిస్తే ఒక చూపో, వేలి సైగో. వెళ్లి పక్కన నిలబడటం, భుజం మీద చెయ్యి వేయడం. లెక్క రాక విసుగొస్తుంటే ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి సాయం చేయడం, ఎందుకంటే చాలా గొడవలు లెక్క రాకపోవడంతోనే మొదలవుతాయి. నవ్వించి వేడి దించడం. మరీ మించిపోతే గదిలోంచి బయటికి తీసుకెళ్లడం, కానీ బేఇజ్జత్ చేయకుండా, కోపంతో కాకుండా.

వీటన్నిటికంటే పెద్దది, జరిగినచోటే మాట్లాడటం. దానికి ఆయన లైఫ్ స్పేస్ ఇంటర్వ్యూ అని పేరు పెట్టాడు. వచ్చే వారం డాక్టర్ గదిలో కాదు. గొడవ జరిగిన వరండాలోనే, ఆ పిల్లాడితో కలిసి తిరిగే మనిషే, వాడి ఊపిరి కుదుటపడగానే కూర్చోబెట్టుకుని అడగడం. ముందేమైంది, తర్వాతేమైంది, అప్పుడు నీకేమనిపించింది, మళ్లీ ఇలాగే జరిగితే ఏం చేయొచ్చు. మన ఇళ్లలో దీనికి పూర్తి ఉల్టా పద్ధతి ఉంది: "మీ అబ్బాని రానీ, చెప్తా." పొద్దున పదింటికి చేసిన పనికి రాత్రి తొమ్మిదింటికి సజా. అప్పటికి పిల్లాడికి గుర్తుండేది అబ్బా చెయ్యి మాత్రమే.

పయనీర్ హౌస్ 1948లో మూతపడింది. డబ్బు లేక. పిల్లలు అప్పుడప్పుడే మారడం మొదలైన సమయంలో మూతపడింది. ఈ చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ కనిపించే సీను.

1961లో నికొలస్ హాబ్స్ అనే సైకాలజిస్టు ఇంకో దిక్కునుంచి వచ్చాడు. యూరప్ వెళ్లినప్పుడు అక్కడ డాక్టర్లు కాని మామూలు శిక్షకులు ఇలాంటి పిల్లలతో రోజంతా గడపడం చూశాడు. అమెరికాలోనేమో పిల్లలు మానసిక దవాఖానాల్లో పెద్దవాళ్ల వార్డుల్లో ఏళ్లకేళ్లు పడి ఉండేవాళ్లు. హాబ్స్ వాదన సూటిగా ఉంది: ఈ పిల్లలకి కావాల్సింది మంచి ఉస్తాద్. ప్రాజెక్ట్ రీ-ఎడ్ అని మొదలైంది. నాష్‌విల్‌లో కంబర్లాండ్ హౌస్, డర్హమ్‌లో రైట్ స్కూల్. ఎనిమిది మంది పిల్లలకి ఒక జట్టు, వాళ్లకి పగలొక టీచరు, సాయంత్రమొక టీచరు. శని, ఆదివారాలు పిల్లలు ఇంటికి వెళ్లాలి, అది రూలు. నెలల్లోనే తిరిగి తమ బడికి, తమ ఇంటికి చేరాలి. అందుకోసం ఇంకో మనిషి ఉండేవాడు, అతని పనల్లా పిల్లాడి ఊళ్లో తిరగడమే. బడితో మాట్లాడటం, అమ్మతో మాట్లాడటం, పక్కింటివాళ్లతో, పోలీసులతో మాట్లాడటం.

హాబ్స్ లెక్కలో జబ్బు పిల్లాడి లోపల లేదు. పిల్లాడికి, ఇంటికి, బడికి, మొహల్లాకి మధ్య ఉన్న తీగల్లో ఏదో తెగింది. దాన్ని అతకాలి. పిల్లాడు కొంచెం, ఇల్లు కొంచెం, బడి కొంచెం జరిగితే చాలు, అందరూ నిభాయించుకోగలుగుతారు. ఆయన రాసుకున్న ఉసూళ్లలో ఒకటి, పిల్లాడికి రోజూ కొంత ఖుషీ దొరకాలన్నది. ఇంకొకటి, ఏదో ఒక పనిలో వాడు పనిమంతుడు కావాలి. ఈత రావాలి, వడ్రంగం రావాలి, చదవడం రావాలి. పని రాని పిల్లాడికి ఇజ్జత్ ఉండదు. ఇజ్జత్ లేనివాడు దాన్ని పిడికిలితో తెచ్చుకుంటాడు.

అదే దశాబ్దంలో మూడో దారి ఒకటి తెరుచుకుంది. ఈ దారివాళ్లు దిల్ గురించి మాట్లాడలేదు, చేతిలో వాచీ, పలక పట్టుకుని లెక్కపెట్టారు. వాషింగ్టన్ యూనివర్సిటీ నర్సరీలో నాలుగేళ్ల పాప ఉండేది. పిల్లలతో ఆడేది కాదు, ఎప్పుడూ టీచర్ల చుట్టూ తిరుగుతూ తన దెబ్బలు, నొప్పులు చెప్పుకునేది. టీచర్లు జాలిపడి దగ్గరకి తీసుకునేవాళ్లు. అలా తీసుకోవడమే ఆమెని పిల్లలకి దూరం చేస్తోందని తేలింది. పిల్లల మధ్య ఉన్నప్పుడే పలకరించడం మొదలుపెట్టారు, పాప ఆటలోకి వెళ్లింది. ఇది 1964లో అచ్చయింది.

ఇలినాయ్ యూనివర్సిటీలో వెస్లీ బెకర్ బృందం 1968లో ఇంకా తమాషా విషయం చూపించింది. ఒకటో తరగతి టీచర్లు లేచి నిలబడ్డ పిల్లల్ని "కూర్చో, కూర్చో" అని ఎంత ఎక్కువగా గద్దిస్తే, అంత ఎక్కువమంది నిలబడ్డారు. గద్దించిన మరుక్షణం పిల్లాడు కూర్చుంటాడు, టీచరుకి పని జరిగినట్టనిపిస్తుంది. మొత్తం మీద లెక్కేస్తే నిలబడటం పెరుగుతోంది. కూర్చుని పనిచేస్తున్న పిల్లల్ని చూసి షాబాష్ అన్నప్పుడు తగ్గింది. అదే బృందం ఇంకో తరగతిలో గోడ మీద రూల్స్ రాసిపెట్టి చూసింది. రూల్స్ ఒక్కటే ఉంటే పెద్దగా ఏమీ జరగలేదు. ఈ ఒక్క వాక్యం చదివాక బళ్ల గోడల మీద ఫ్రేములు కట్టిన నీతులన్నీ నాకు కొత్తగా కనపడుతున్నాయి.

ఇక 1967, కాన్సాస్‌లోని బాల్డ్విన్ సిటీ, ఒక నాలుగో తరగతి. ఇరవై నాలుగు మంది పిల్లలు. అందులో ఏడుగురు ఇప్పటికే ఎన్నోసార్లు ప్రిన్సిపాల్ గది చూసొచ్చినవాళ్లు. టీచర్ మ్యురియల్ సాండర్స్, విద్యార్థిని హ్యారియెట్ బారిష్, ప్రొఫెసర్ మాంట్రోస్ వుల్ఫ్ కలిసి ఒక ఆట కనిపెట్టారు. తరగతిని రెండు జట్లు చేశారు. అడగకుండా సీటు వదిలినా, అడగకుండా మాట్లాడినా ఆ జట్టు పేరు కింద బోర్డు మీద ఒక గీత. గీతలు తక్కువున్న జట్టు గెలుస్తుంది. ఐదు దాటకపోతే రెండు జట్లూ గెలుస్తాయి, అసలు మజా ఇందులోనే ఉంది. ఇనాం పైసా ఖర్చు లేనిది: భోజనానికి ముందు వరుసలో నిలబడటం, పేరు పక్కన నక్షత్రం, రోజు చివర అరగంట సొంత పని చేసుకునే టైము.

లెక్కల పీరియడులో ముందు చూసినప్పుడు, ప్రతి నిమిషాన్నీ పరిశీలకులు గమనిస్తే 96 శాతంలో ఎవరో ఒకరు అడ్డంగా మాట్లాడుతున్నారు. ఆట పెట్టాక అది 19 శాతానికొచ్చింది. సీటు వదలడం 82 నుంచి 9కి పడింది. ఆట ఆపి చూశారు, గోల తిరిగొచ్చింది. మళ్లీ పెట్టారు, మళ్లీ తగ్గింది. అంటే తరగతి మారింది ఆట వల్లే, వాతావరణం వల్ల కాదు.

ఒక జట్టులో ఇద్దరు పిల్లలు "మేం ఈ ఆట ఆడం" అని తెగేసి చెప్పారు. వాళ్ల గీతలతో జట్టంతా ఓడిపోతోంది. తోటిపిల్లల మొహాలు ఎలా ఉంటాయో మీరు ఊహించుకోవచ్చు. టీచర్ ఆ ఇద్దర్నీ జట్టులోంచి తీసేసి, వాళ్ల గీతలు వాళ్లకే లెక్కపెట్టింది. నాకు ఆ ఇద్దరి మీదే మనసు పోతుంది. ఒకడి ఖతాకి అందరికీ సజా వేయడం ఎక్కడి ఇన్సాఫ్ అనే ప్రశ్న ఆ ఆటలో మొదటిరోజు నుంచీ ఉంది. ఇంకో ప్రశ్న 1972లో వినెట్, వింక్లర్ అనే ఇద్దరు అడిగారు: ఈ పరిశోధకులంతా పిల్లలకి నేర్పుతోంది కదలకు, మెదలకు, తలవంచు అన్న మూడు మాటలేనా? జాయిజ్ సవాలే. గీత పడకుండా ఉండటం ఒకటి, పక్కవాడితో పెన్సిల్ పంచుకోవడం ఇంకొకటి.

మధ్యలో ఖానూన్ సంగతి రెండు ముక్కల్లో. 1975లో అమెరికా వికలాంగ పిల్లలందరికీ ఉచిత ప్రభుత్వ విద్య హక్కని చట్టం చేసింది. అందులో తీవ్ర భావోద్వేగ సమస్యలున్న పిల్లల్ని చేర్చింది. ఆ నిర్వచనం కాలిఫోర్నియాలో ఎలై బోవర్ చేసిన పని నుంచి తీసుకున్నది. తోటివాళ్లతో, టీచర్లతో సరైన సంబంధం కట్టుకోలేకపోవడం అందులో ఒక గుర్తు. చేర్చిన చేత్తోనే, సమాజంతో పొసగని పిల్లలు ఇందులోకి రారు అని ఒక షరతు తగిలించారు. ఎవరితోనూ పొసగకపోవడమే జబ్బు గుర్తైతే, పొసగనివాళ్లని బయట పెట్టడమేంటని బోవరే ఎదురుతిరిగాడు. 1997 సవరణతో బళ్లు పిల్లాడి ప్రవర్తన వెనక కారణం వెతకాలని, సజాకంటే ముందు మంచి ప్రవర్తన నేర్పే పథకం ఆలోచించాలని చట్టంలోకొచ్చింది.

మన దగ్గర 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, చదువు నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంది, మానసిక వ్యాధి ఉంది. బెంచీ తన్నే పిల్లాడికి మాత్రం తనదంటూ ఒక వరుస లేదు. బెత్తం పోయింది, సంతోషం. దాని జాగాలో ఏం రావాలో టీచరుకి చెప్పినవాళ్లు తక్కువ. అందుకే చాలాచోట్ల బెత్తం జాగాలో టీసీ వచ్చింది. ఇల్లు మారినట్టు బళ్లు మారుస్తూ, బిరాదరీలో మొహం దాచుకునే అమ్మీలు మనలో ఎంతమందో. ఆ పిల్లాడి పేరు ఎత్తగానే "తర్బియత్ సరిగ్గా లేదు" అని వేలు ముందు అమ్మ వైపే లేస్తుంది.

తర్బియత్ అంటే పెంచడం, మొక్కని పెంచినట్టు. దాన్ని పాఠాలుగా విడగొట్టిన మనిషి ఆర్నల్డ్ గోల్డ్‌స్టీన్, సిరక్యూజ్ యూనివర్సిటీ. ముందు మానసిక దవాఖానాల నుంచి ఇంటికెళ్లే పెద్దవాళ్ల కోసం మొదలుపెట్టి, 1980లో టీనేజీ పిల్లల కోసం స్కిల్‌స్ట్రీమింగ్ అనే పాఠ్యపుస్తకం తెచ్చాడు. యాభై హునర్లు. సాయం అడగడం, ఎగతాళిని తట్టుకోవడం, ఫిర్యాదు చేయడం, ఓటమి తీసుకోవడం. ఒక్కోదాన్ని మెట్లుగా విడగొట్టి, ముందు పెద్దలు చేసి చూపిస్తారు, తర్వాత పిల్లలు నాటకంలా ఆడతారు, చూసినవాళ్లు ఎలా ఉందో చెప్తారు, చివరికి బయట వాడి చూడమని హోమ్‌వర్క్. అదే సమయంలో ఫ్రాంక్ గ్రెషమ్ ఒక ముఖ్యమైన తేడా చెప్పాడు. ఒక పిల్లాడికి ఎలా చేయాలో రాదు. ఇంకొకడికి వచ్చు, చేయడు. మొదటివాడికి పాఠం కావాలి. రెండోవాడికి పాఠం మళ్లీ చెప్పడం వేస్టు, చేసినప్పుడు వాడికేం దక్కుతోందో చూడాలి. తమీజ్ అంటే మొదట్లో చెప్పుకున్నాం కదా, ఈ తేడా పట్టడం పెద్దవాళ్ల తమీజ్.

ఇదంతా విని ఇక మసలా తీరిపోయిందనుకోవద్దు. 1999లో క్విన్, కవేల్, మరికొందరు ఈ పిల్లల మీద జరిగిన 35 అధ్యయనాలు కలిపి తూచారు. సగటు ప్రభావం 0.199 అని తేలింది. అంటే ఉంది, కానీ చిన్నది. కారణాల గురించి చాలా రాశారు, నాకు అర్థమైనది ఇదీ: వారానికి రెండుసార్లు ఒక గదిలో, ఆ పిల్లాడికి నిజంగా కావాల్సిన హునర్ ఏదో చూడకుండా, అందరికీ ఒకే పాఠం. గదిలో పిల్లాడు అద్భుతంగా నటిస్తాడు. గ్రౌండులో బంతి దగ్గర గొడవొచ్చినప్పుడు ఆ పాఠం చెప్పిన మనిషి అక్కడ ఉండడు. అక్కడుండేది పీఈటీ సారు, ఆయనకి ఈ పాఠం సంగతే తెలీదు. రెడ్ల్ వరండాలో కూర్చుని చేసిన పని ఇదే కదా.

చివరిగా బాల్టిమోర్. కాన్సాస్ ఆటని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన షెపర్డ్ కెల్లమ్ బృందం 1985-86లో ఆ నగరంలోని 19 ప్రభుత్వ బళ్లకి తీసుకెళ్లింది, ఒకటో తరగతికి. ఏ తరగతిలో ఆట పెట్టాలి, ఎక్కడ వద్దు అన్నది చీటీలేసినట్టు నిర్ణయించారు. ఆ తర్వాత ఆ పిల్లల్ని మర్చిపోలేదు. పంతొమ్మిది, ఇరవై ఒకటేళ్లు వచ్చేదాకా వెతికి పట్టుకుని అడిగారు. 2008లో అచ్చయిన నతీజాలు చూస్తే, ఆరేళ్ల వయసులో అందరికంటే ఎక్కువ కొట్లాడే అబ్బాయిల్లో, ఆట ఆడిన తరగతుల్లో ఉన్నవాళ్లు పెద్దయ్యాక మాదకద్రవ్యాల్లో, నేరప్రవృత్తిలో తక్కువగా చిక్కుకున్నారు. మెత్తటి పిల్లల్లో పెద్ద తేడా లేదు. మేలు జరిగింది ఎవరిని బద్తమీజ్ అంటామో వాళ్లకే.

1986-87లో కొత్త ఒకటో తరగతి పిల్లలతో మళ్లీ చేశారు. ఆట అదే, ఉస్తానీలు కూడా వాళ్లే. ఈసారి ఫాయిదా తక్కువగా కనిపించింది. మొదటి ఏడు ఆ ఉస్తానీలకి శిక్షణ ఇచ్చి, ఏడాది పొడవునా తరగతికొచ్చి పక్కన కూర్చుని సాయం చేసిన మనుషులుండేవాళ్లు. రెండో ఏడు ఆ సాయం బాగా తగ్గించేశారు.